హోండా సిటీ బ్రేకు డిస్కు స్క్రూ స్లిప్పయింది, ఎట్లా తీయాలి?

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 2014 హోండా సిటీ, సెకండ్ హ్యాండ్‌లో వైజాగ్ నుంచి తెచ్చుకున్నాడు. ముందు డిస్కులు బాగా అరిగాయి. కొత్తవి కొని ఇంటి దగ్గరే మార్చుకుందామని చక్రం విప్పాడు. డిస్కు మీద రెండు స్టార్ స్క్రూలున్నాయి. ఒకటి ఎట్లనో వచ్చింది. రెండోదాని గాడి మొత్తం అరిగిపోయి గిన్నెలాగా అయింది. "డ్రిల్లు పెట్టమంటున్నారు అన్నా, హబ్బు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కారు పొద్దుటి నుంచి జాకీ మీదే ఉంది" అని రాశాడు.

తమ్ముడూ, స్క్రూ సంగతి చదివి నాకేం టెన్షన్ రాలేదు గానీ, ఆ చివరి మాట చదివి వచ్చింది. కారుతో పాటు వచ్చే కత్తెర జాకీ స్టెప్నీ మార్చడం వరకే. ఇప్పుడు నువ్వు చేయబోయేది సుత్తి పని. ప్రతి దెబ్బకూ బండి కొద్దికొద్దిగా కదులుతుంది. ముందు వెళ్ళి జాకీ స్టాండు (బండి కింద ఆనించే ఇనుప కాలు) తెచ్చి పెట్టు. ట్రాక్టర్ షెడ్డులో అడిగినా ఒక పూటకు ఇస్తారు. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టు, హ్యాండ్ బ్రేకు లాగు. విప్పిన చక్రాన్ని తలుపు కింది అంచు దగ్గర పడుకోబెట్టు. అది స్టాండుకు బదులు కాదు, స్టాండు జారినా మనిషి మీద పడకుండా ఇంకో ఆసరా. ఇదంతా అయ్యాకే కింది మాటలు చదువు.

నేను పని నేర్చుకున్నది జడ్చర్ల దగ్గర హైవే పక్కన ఒక లారీ షెడ్డులో. తర్వాత నల్లగొండ వచ్చి కార్ల పని మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఇట్లాంటి స్క్రూ నెలకు ఒకటి రెండైనా నా దగ్గరికి వస్తుంది, ఎక్కువ భాగం ఎవరో ఒకరు ముందే కెలికి పాడుచేసినవే. అందుకని నువ్వు సిగ్గుపడాల్సిందేం లేదు.

మొదట తెలుసుకోవాల్సింది, ఆ స్క్రూ మీద బ్రేకు బరువు ఏమీ ఆధారపడి లేదు. కంపెనీలో బండి తయారయ్యేటప్పుడు కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కి ఆపేది), చక్రం బిగించేదాకా డిస్కు కింద పడకుండా, పక్కకు వంగకుండా ఆపడానికి పెట్టింది అది. చక్రం ఎక్కాక డిస్కును హబ్బుకు (డిస్కు, చక్రం కూర్చునే గుండ్రని దిమ్మ) అదిమి పట్టేది నాలుగు వీల్ నట్లే. లెక్క చూస్తే నీకే అర్థమవుతుంది. హోండా సిటీలో ఒక్కో వీల్ నట్టును 108 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగిస్తారు. ఈ స్క్రూకు చెప్పింది 10 న్యూటన్ మీటర్ల లోపే. చేతి స్క్రూడ్రైవర్‌తో బిగించేంత. కాబట్టి ఈ స్క్రూ తల ఎగిరిపోయినా బండికి గండం లేదు. బ్రేకుల్లో పోయినా ఫరవాలేని స్క్రూలు కొన్ని, పోతే బండి అడుగు కూడా కదలకూడని స్క్రూలు కొన్ని ఉంటాయి. నీది మొదటి రకం. రెండో రకం గురించి చివర్లో చెబుతాను, ఎందుకంటే డిస్కు మార్చేవాడి చెయ్యి ఎట్లాగూ వాటి మీదికి కూడా పోతుంది.

మరి పది న్యూటన్ మీటర్లకే బిగించింది ఇంత మొండికేయడం ఎందుకు? ఒక్కసారి బయటికొచ్చిన ఆ మొదటి స్క్రూను చేతిలోకి తీసుకుని చూడు. తల కింద భాగం గరాటాలాగా ఏటవాలుగా ఉంటుంది. ఆ గరాటా డిస్కులో అదే ఆకారంలో ఉన్న గుంటలో కూర్చుంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా డిస్కు వేడెక్కుతుంది, ఆగితే చల్లారుతుంది, వానలో తడుస్తుంది. గరాటాకూ గుంటకూ మధ్య తుప్పు పడుతుంది. ఇనుము కన్నా తుప్పు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అంటే సందులో చీల దిగ్గొట్టినట్టు లోపలి నుంచే బిగుసుకుంటుంది. చాలామంది థ్రెడ్ పట్టేసిందనుకుంటారు. నా అనుభవంలో పది స్క్రూల్లో ఎనిమిది తల దగ్గర పట్టేసినవే, థ్రెడ్ శుభ్రంగా ఉంటుంది. తిప్పడం కన్నా కొట్టడం పనిచేసేది అందుకే. దెబ్బ తగిలితే ఆ తుప్పు పొర పగులుతుంది. ఎంత బలంగా తిప్పినా అది పగలదు, గాడి మాత్రం పోతుంది.

నీ బండి వైజాగ్‌దన్నావు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. సముద్రపు గాలి తిన్న బండ్లు చూడగానే తెలిసిపోతాయి, సస్పెన్షన్ బోల్టులన్నీ ఎర్రగా పొరలు లేచి ఉంటాయి. మన దగ్గర ఎండ ఎక్కువ, తుప్పు తక్కువే గానీ మనకున్న రోగాలు మనకున్నాయి. మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాల్లోకి కార్లు తోలుకుపోతారు. ఆ బురద హబ్బు వెనక చేరి ఎండి పెంకు కడుతుంది, మళ్ళీ తడిసినప్పుడల్లా నీళ్ళను పట్టి ఉంచుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళతో కడిగే బండ్లకు తెల్ల మరకలు చూసే ఉంటావు. ఆ ఉప్పే డిస్కు మీద కూడా కూర్చుంటుంది. కడిగిన వెంటనే నాలుగు కిలోమీటర్లు తిప్పి బ్రేకు వేస్తే కాస్త ఆరుతుంది. మనవాళ్ళేమో కడిగి కవరు కప్పుతారు.

ఇక గాడి ఎందుకు అరిగిందంటే, నువ్వు పెట్టింది రెండో నంబర్ బిట్టు అయి ఉంటుంది. ఇళ్ళల్లో ఉండే స్టార్ స్క్రూడ్రైవర్లు దాదాపు అన్నీ ఆ నంబరువే. ఈ స్క్రూకు కావలసింది మూడో నంబరు. రెండో నంబరు కూడా గాడిలో దిగుతుంది, పట్టినట్టే అనిపిస్తుంది, అదే మోసం. లోపల లూజుగా ఉండి అంచులను మాత్రమే తింటుంది. పైగా మనం స్టార్ అని పిలిచే ఈ ప్లస్ గాడిలో రెండు జాతులున్నాయి. ఒకటి ఫిలిప్స్, ఇంకొకటి జపాన్ వాళ్ళ జేఐఎస్. పైకి కవలపిల్లల్లాగా ఉంటాయి. ఫిలిప్స్ బిట్టు మూలలు కొంచెం గుండ్రంగా ఉండి జపాన్ గాడిలో అడుగు దాకా దిగదు. గట్టిగా తిప్పితే ఏటవాలు గోడల మీదుగా పైకి ఎక్కి జారిపోతుంది. హోండా, సుజుకి, టయోటా బండ్ల పని చేసేవాళ్ళు ఒక్క జేఐఎస్ మూడో నంబర్ బిట్టు కొని పెట్టుకుంటే జీవితాంతం పనికొస్తుంది. నల్లగొండలో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడుగు. అది దొరకకపోయినా మంచి ఫిలిప్స్ మూడో నంబరు, వెనక నుంచి దెబ్బ పడితే, పని కానిస్తుంది.

ఆ దెబ్బ కోసం ఉన్న సామానే చేతి ఇంపాక్ట్ డ్రైవర్. కరెంటుది, బ్యాటరీది కాదు. లావుగా, బరువుగా, ఉక్కు గొట్టం లాగా ఉంటుంది, వెనక సుత్తితో కొడతారు. కొట్టిన దెబ్బలో కొంత బిట్టును గాడిలోకి అదుముతుంది, కొంత లోపలున్న ఏటవాలు గాట్ల వల్ల తిప్పుడుగా మారుతుంది. అంటే బిట్టు జారిపోవాలని చూసే క్షణంలోనే దాన్ని లోపలికి తోస్తూ తిప్పుతుంది. చేత్తో ఆ రెండూ ఒకేసారి కావు.

వాడే పద్ధతి తెలియక చాలామంది ఇది పనికిరాదని పక్కన పడేస్తారు. ముందు స్క్రూ గాడిలోని తుప్పు, మట్టి పాత సూదితోనో సన్నని మేకుతోనో పూర్తిగా గోకి తీయి. గాడి అడుగున చిన్న మట్టి బెడ్డ ఉన్నా బిట్టు దిగదు. తర్వాత బిట్టు పెట్టి, ఇంపాక్ట్ లేకుండా ముందు బిట్టు మీదే నిటారుగా నాలుగైదు దెబ్బలు కొట్టు. ఇది తుప్పు పగలడానికి. ఇప్పుడు డ్రైవర్ తగిలించి, విప్పే వైపు ఉందో లేదో చూసుకో. రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి పొరపాటున బిగించే వైపు పెట్టి కొట్టేవాళ్ళను కూడా చూశాను. గొట్టాన్ని ఎడమ చేత్తో పట్టుకుని విప్పే దిక్కుకు తిప్పి, ఆ బిగువు వదలకుండా ఉంచి, కిలో సుత్తితో ఒక్క నిండు దెబ్బ వేయి. పావు కిలో సుత్తితో ఇరవై దెబ్బలు వేస్తే గాడి అరుగుతుంది, కిలో సుత్తితో రెండు దెబ్బలు వేస్తే స్క్రూ కదులుతుంది. కదిలినప్పుడు చేతికి తెలుస్తుంది, "టక్" మని చిన్నగా జరిగినట్టు. అప్పుడు ఆపి మామూలు స్క్రూడ్రైవర్‌తో తీయి.

డిస్కు తిరగకుండా ఉండాలి కదా. కాలిపర్ ఇంకా విప్పకపోతే ఇంట్లో ఎవరినైనా బ్రేకు పెడల్ తొక్కి పట్టుకోమను, డిస్కు రాయిలాగా ఉంటుంది. రెండో వైపు చక్రం విప్పినప్పుడు ముందు ఈ స్క్రూలు కదిలించి, ఆ తర్వాతే కాలిపర్ ముట్టుకో. కాలిపర్ ఇప్పటికే తీసి ఉంటే మాత్రం పొరపాటున కూడా పెడల్ తొక్కనివ్వకు. కాలిపర్‌లో ప్యాడ్లను తోసే పిస్టన్ బయటికొచ్చేస్తుంది, ఆయిల్ అంతా పోతుంది, చిన్న పని పెద్దదవుతుంది. అప్పుడు గేరులో పెట్టు. ముందు చక్రాలతో నడిచే బండి, ఇంకో పక్క చక్రం నేల మీదే ఉంది కాబట్టి హబ్బు తిరగదు. విప్పిన కాలిపర్‌ను రబ్బరు పైపు మీద వేలాడదీయకు, కట్టు తీగతో స్ప్రింగుకు కట్టు.

నీ గాడి గిన్నె అయిపోయిందన్నావు. ఇంకా కొంచెం అంచు మిగిలి ఉంటే మూడో నంబర్ బిట్టు పెట్టి గట్టిగా కొట్టి దింపితే కొత్త గాడి పడుతుంది, ఇంపాక్ట్ ఇంకో అవకాశం ఇస్తుంది. బిట్టు కొసకు వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ కొంచెం రాస్తే ఆ ఇసుక గరుకుదనం పట్టు ఇస్తుంది. గాడిలో రబ్బర్ బ్యాండు పెట్టి తిప్పమని వీడియోల్లో చూపిస్తారు. అల్మరా స్క్రూలకు సరే, బ్రేకు డిస్కు ముందు అది తమాషా.

అంచు కూడా లేకపోతే ఉలి. ఇది నాకు మా ఉస్తాద్ నేర్పింది. ఇంపాక్ట్ డ్రైవర్ అనే పేరు కూడా అప్పటికి నేను వినలేదు. ఆయన దగ్గర ఒక పాత ఉలి ఉండేది, కొస కొంచెం మొద్దుగా. దాన్ని స్క్రూ తల మధ్యలో కాదు, బయటి అంచుకు దగ్గరగా నిటారుగా పెట్టి ఒక దెబ్బ వేసేవాడు. చిన్న గాటు పడేది. తర్వాత ఉలిని ఆ గాటులోనే ఉంచి, గడియారం ముల్లుకు వ్యతిరేక దిక్కుకు తోసేటట్టు పక్కకు వాల్చి, టక్ టక్ టక్ మని లయగా కొట్టేవాడు. బలం కాదు, లయ. నాలుగో అయిదో దెబ్బకు స్క్రూ తల పిసరంత జరిగేది. నేను చేస్తే ఉలి జారి డిస్కు మీద గీతలు పడేవి, ఆయన చేస్తే గాటు తప్ప ఏమీ కనిపించేది కాదు. నీకు డిస్కు ఎట్లాగూ పారేసేదే కాబట్టి గీతల భయం లేదు, ధైర్యంగా చెయ్యి. కళ్ళద్దాలు మాత్రం పెట్టుకో. ఉలి తల నుంచి, స్క్రూ నుంచి లేచే ఇనుప పెళ్ళ బుల్లెట్ లాగా వస్తుంది.

ఉలికీ రాకపోతే అప్పుడు డ్రిల్లు. నువ్వు భయపడిందే అన్నిటికన్నా ఖాయమైన దారి. హబ్బుకు ఏమీ కాదు, ఒక్క షరతు మీద. నువ్వు తీయాల్సింది స్క్రూ తలను మాత్రమే, స్క్రూను కాదు. ఇది 6 మిల్లీ స్క్రూ, పొడవు 14 మిల్లీలే. గిన్నె అయిన గాడి ఇప్పుడు నీకు మేలు చేస్తుంది, బిట్టు మధ్యలోనే కూర్చుంటుంది. సెంటర్ పంచ్‌తో ఒక చుక్క పెట్టి, ముందు 3 మిల్లీ బిట్టుతో అయిదారు మిల్లీల లోతు వేయి. తర్వాత 8 మిల్లీ బిట్టు. వేగం తక్కువ, ఒత్తిడి ఎక్కువ, మధ్యమధ్య చుక్క నూనె. వేగంగా తిప్పితే బిట్టు కాలి నల్లబడి మొద్దుబారుతుంది, ఆ వేడికి స్క్రూ కూడా గట్టిపడుతుంది. సన్నని మెరిసే రింగులు లేస్తుంటే సరిగా కోస్తోందని లెక్క, పొడి రాలుతుంటే కోయడం లేదు, రుద్దుతోంది. కొంత లోతు పోయాక స్క్రూ తల ఉంగరంలాగా ఊడి బిట్టుకు చుట్టుకుని తిరుగుతుంది. అక్కడ ఆపు. ఇంక ఒక్క మిల్లీ కూడా వద్దు.

డిస్కు తీసేస్తే స్క్రూ కాడ హబ్బు మీద కొంచెం పైకి కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోతారు. అంత మొండికేసిన స్క్రూ కాడ ఇప్పుడు వైస్ గ్రిప్‌తో (బిగించి లాక్ అయ్యే పట్టకారు) పట్టి తిప్పితే మెత్తగా వచ్చేస్తుంది. ఒక్కోసారి వేళ్ళతోనే వస్తుంది. పట్టేసింది తల దగ్గర అని ముందే చెప్పాను కదా. తల పోయాక లాగి పట్టే బిగువే లేదు.

కాడ కూడా హబ్బు లెవెల్లో విరిగితే ఈజీ అవుట్, అంటే విరిగిన స్క్రూను లోపలి నుంచి పట్టి తిప్పే బిట్టు, పెడదామనిపిస్తుంది. దాని పేరులో తప్ప ఈజీ ఎక్కడా లేదు. ఇంత సన్నని స్క్రూకు సరిపడే ఈజీ అవుట్ పుల్లలాగా ఉంటుంది, గాజులాగా గట్టిగా ఉండి పుటుక్కున విరుగుతుంది. లోపల విరిగితే దాన్ని మామూలు డ్రిల్లు బిట్టు కోయలేదు. పని నేర్చుకున్న కొత్తలో ఒక కస్టమర్ బండిలో ఇట్లా విరగ్గొట్టి, హబ్బు విప్పి లేతు షాపుకు మోసుకుపోయాను. ఆ రోజు కూలీ అంతా అక్కడే పోయింది. దానికన్నా, ఒక స్క్రూ రంధ్రం వదిలేయడం నయం. ఇంకో స్క్రూ రంధ్రం ఉంది కదా.

వేడి చేస్తే వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. వస్తుంది, నిజమే. కానీ హబ్బు వెనక బేరింగ్ గ్రీజు, ఏబీఎస్ సెన్సార్ వైరు, పక్కనే బ్రేకు రబ్బరు పైపు ఉన్నాయి. బ్రేకు ఆయిల్‌కు మంట అంటుకుంటుంది. పది రూపాయల స్క్రూ కోసం గ్యాస్ మంట పెట్టే చోటు కాదది. ఇంకో సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకో, బ్రేకు క్లీనర్ స్ప్రే కొట్టిన చోట మంట, వెల్డింగ్ రెండూ వద్దు. కొన్ని క్లీనర్లలో క్లోరిన్ రకం ద్రావకాలు ఉంటాయి, అవి ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టిస్తాయి. కాడ మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించక తప్పదనుకుంటే బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పు ఆ హబ్బుకే తగిలించమను. బాడీకి తగిలిస్తే కరెంటు బేరింగ్ గుండా పోయి గోళీల మీద మచ్చలు పడతాయి.

నూనె గురించి కూడా అడుగుతావు. డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేయడం మంచిదే గానీ, గరాటా తల దగ్గర అది దూరే సందు తక్కువ. సుత్తితో కొట్టి, నూనె వేసి, మళ్ళీ సుత్తితో కొడితే పగుళ్ళలోకి దిగుతుంది. లారీ షెడ్డుల్లో గ్యాస్‌నూనె (కిరోసిన్), డీజిల్ వాడేవాళ్ళం, అవి కూడా నానబెడితే పనిచేస్తాయి. ఏది వాడినా ప్యాడ్ల మీద పడకూడదు. ప్యాడు నూనె పీల్చిందంటే కడిగినా కాల్చినా దాన్ని నమ్మొద్దు, మార్చెయ్యి. పనిలో పనిగా, డ్రమ్ములోని దుమ్మును గాలి పైపుతో ఊదే అలవాటు మన షెడ్డుల్లో బాగా ఉంది. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడువు.

రెండు స్క్రూలూ పోయినా డిస్కు హబ్బుకు అతుక్కుని రాకపోతే పెద్ద సుత్తి ఎత్తకు. డిస్కు మీదే ఇంకో రెండు ఖాళీ థ్రెడ్ రంధ్రాలు కనిపిస్తాయి, 8 మిల్లీవి. వాటిల్లో రెండు 8 మిల్లీ బోల్టులు ఎక్కించి, ఒకదాన్ని పావు చుట్టు, ఇంకోదాన్ని పావు చుట్టు, మార్చి మార్చి బిగించు. బోల్టు కొస హబ్బును తోస్తుంది, డిస్కు దానంతటదే బయటికొస్తుంది. ఒకే బోల్టును బిగిస్తే డిస్కు వంకరగా ఇరుక్కుంటుంది. మారుతి బండ్ల వెనక డ్రమ్ములకు కూడా ఇదే పద్ధతి, అక్కడ హ్యాండ్ బ్రేకు వదలడం మరిచిపోవద్దు. ఈ రంధ్రాలు ఎందుకున్నాయో తెలియక డ్రమ్ము అంచులు సుత్తితో పగలగొట్టిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి.

ఇప్పుడు రెండో రకం, అంటే పోతే బండి అడుగు కూడా కదలకూడనివి. కాలిపర్ మీద రబ్బరు టోపీ కింద ఉండే బ్లీడర్ స్క్రూ, బ్రేకు ఆయిల్‌లోని గాలి తీయడానికి వదులు చేసేది. ఇది లోపల బోలుగా ఉంటుంది, గోడలు పలుచన. ఉలి, ఇంపాక్ట్, వైస్ గ్రిప్ అన్న మాటలు దీని దగ్గర మరిచిపో. నేను లారీల నుంచి కార్లకు వచ్చిన మొదటి ఏడాది. వర్షాకాలం, సాయంత్రం, ఆ బండాయన రాత్రికి పెళ్ళికి పోవాలని తొందరపెడుతున్నాడు. బ్లీడర్ రావడం లేదు. లారీ చెయ్యి కదా, పానాకు పైపు తొడిగి లాగాను. చప్పుడు కూడా రాలేదు, మెత్తగా మైసూర్‌పాక్ విరిగినట్టు విరిగింది. తల నా పానాలో, మిగతాది కాలిపర్‌లో. ఆయన పెళ్ళికి బస్సులో పోయాడు. కాలిపర్ ఖర్చు నేను పెట్టుకున్నాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ముందు చుట్టూ వైరు బ్రష్షుతో శుభ్రం చేస్తాను. పక్కనున్న కాలిపర్ పోతను చిన్న సుత్తితో తడతాను, బ్లీడర్ నెత్తి మీద కూడా నిటారుగా రెండు చిన్న దెబ్బలు. నూనె వేసి టీ తాగి వస్తాను. తర్వాత ఆరు మూలల గోటీ (సాకెట్), పన్నెండు మూలలది కాదు, పూర్తిగా దిగేటట్టు పెట్టి ముందు బిగించే వైపు వెంట్రుకవాసి జరుపుతాను. జరిగితే తుప్పు తెగినట్టు. తర్వాత విప్పే వైపు. మెలి తిరుగుతున్నట్టు, రబ్బరులాగా సాగుతున్నట్టు చేతికి అనిపిస్తే అక్కడే ఆపేస్తాను. ఒక రోజు ఆలస్యమైనా సరే. నీ పనికి, అంటే డిస్కు, ప్యాడ్లు మార్చడానికి, బ్లీడర్ ముట్టుకోవాల్సిన అవసరమే లేదు. దాని జోలికి పోకు.

బ్రేకు ఇనుప పైపు చివర నట్టు కూడా ఇదే జాతి. మామూలు పానా పెడితే మూలలు పోతాయి, దానికి నట్టును ముప్పావు భాగం చుట్టి పట్టే ఫ్లేర్ నట్ పానా వేరే ఉంటుంది. అది కూడా నీ పనిలో లేదు. కాలిపర్ బోల్టులు నీ పనిలో ఉన్నాయి. అవి నిజంగా బరువు మోసేవి. వాటికి ఆరు మూలల గోటీయే వాడు. మూలలు పోతే ఒక సైజు చిన్న గోటీ సుత్తితో కొట్టి ఎక్కించి తీయవచ్చు, కానీ ఆ బోల్టు మళ్ళీ పెట్టకూడదు. అదే సైజుదని హార్డ్‌వేర్ షాపు బోల్టు కూడా పెట్టకూడదు, కంపెనీదే తెప్పించు. బిగువు ఎంతో నీ బండి మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తో బిగించు. జారే పిన్నులకు సిలికాన్ రకం బ్రేకు గ్రీజు రాయి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది, ఒక పక్క ప్యాడు మాత్రమే అరుగుతుంది.

కొత్త డిస్కు పెట్టే ముందు హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దు. ఇది తొందరలో వదిలేసే పని, కానీ తుప్పు పొర ఒక పక్క మిగిలితే డిస్కు రవ్వంత వంకరగా కూర్చుంటుంది, కొన్ని వేల కిలోమీటర్లకు పెడల్ వణకడం మొదలవుతుంది. కొత్త డిస్కు బాగోలేదని షాపువాణ్ణి తిడతాం. డిస్కు మీద కంపెనీ పూసిన నూనె పొరను క్లీనర్‌తో తుడిచేయి.

స్క్రూలు కొత్తవే పెట్టు. కంపెనీ స్క్రూ దొరక్కపోతే 6 మిల్లీ గరాటా తల అలెన్ స్క్రూ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, దానికి 4 మిల్లీ అలెన్ కీ పడుతుంది. తల డిస్కు ముఖం కన్నా పైకి లేవకూడదు, లేస్తే చక్రం సరిగా కూర్చోదు. వేలితో తడిమి చూడు. థ్రెడ్‌కూ, తల కింది గరాటాకూ కాపర్ గ్రీజు అగ్గిపుల్ల కొసంత రాయి. చేతి స్క్రూడ్రైవర్‌తో మామూలుగా బిగించు, చాలు. స్క్రూ లేకుండా నడపొచ్చా అంటే నడపొచ్చు, చాలా షెడ్డుల్లో పారేస్తారు కూడా. నేను మాత్రం ఒక్కటైనా పెడతాను. లేకపోతే రేపు పంక్చర్ షాపులో చక్రం తీసినప్పుడు డిస్కు వదులుగా ఊగి, దాని వెనక్కి తుప్పు పెళ్ళలు పడతాయి. పోలో, వెంటో లాంటి బండ్లలో హబ్బుకు స్టడ్లు (నట్లు ఎక్కించే బయటికున్న మరల కడ్డీలు) ఉండవు, చక్రాన్ని బోల్టులతోనే బిగిస్తారు. వాటికి ఈ స్క్రూ లేకపోతే చక్రం ఎక్కించేటప్పుడు డిస్కు తిరిగిపోయి రంధ్రాలు కలవక నానా తిప్పలు. వాటి స్క్రూ ఆరు కోణాల టార్క్స్ గాడి, ముప్పై నంబరు. అక్కడ ప్లస్ బిట్టు పెట్టి పాడు చేసుకోకు.

చక్రం ఎక్కించి నట్లు ఎదురెదురుగా బిగించాక, స్టార్ట్ చేసే ముందే పెడల్‌ను మెల్లగా పదిసార్లు తొక్కు. కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్‌ను వెనక్కి నెట్టి ఉంటావు, మొదటి రెండు మూడు తొక్కుళ్ళకు పెడల్ నేలకు అంటుతుంది. గట్టిపడ్డాకే బండి కదిలించు. ఆయిల్ డబ్బా లెవెల్ చూడు, పొంగి పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడుగు, లేకపోతే రంగు ఊడుతుంది.

మీ దేవరకొండ నుంచి కొండమల్లేపల్లి వైపు పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు మీద నెమ్మదిగా పోనిచ్చి చిన్న చిన్న బ్రేకులు వేస్తూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పు. డ్రిల్లు దాకా పోతే, 8 మిల్లీ బిట్టు పెట్టే ముందు దగ్గర నుంచి ఒక ఫోటో పెట్టు. చుక్క మధ్యలో పడిందో లేదో చూసి చెబుతాను.